నొప్పికి ముందటి వైద్యము: కృష్ణా పశ్చిమ డెల్టాలో దంతారోగ్యము

రేపల్లె నుండి తెనాలి మీదుగా గుంటూరు పోవు ఉదయపు ప్యాసింజరు బండిలో తరచుగా ప్రయాణము చేయువారికి ఒక దృశ్యము కంటబడకుండుట అరుదు. తువ్వాలును గడ్డము క్రిందనుండి నడినెత్తి వఱకు బిగించి కట్టుకొని, ఉబ్బిన చెంపను అరచేత నదిమిపట్టుకొని, మాటకు బదులు కనుసైగలతో పని జరుపుకొనుచు, కిటికీ ప్రక్కన ఒదిగి కూర్చుండిన మనుష్యుడొకడు ఏదో యొక పెట్టెలో ఉండనే యుండును. రెండు రాత్రులు కంటిమీద కునుకు లేక, లవంగము నమలి, లవంగనూనెలో తడిపిన దూదిని పంటిలో కుక్కి, ఉప్పునీరు పుక్కిలించి, మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న నాలుగు బిళ్ళలును అయిపోయిన పిమ్మట గాని ఆతడు బండి యెక్కియుండడు. ఎక్కడికని యడిగినచో, "పన్ను పీకిచ్చుకుందామని పోతన్నానండీ" అనును. చూపించుకొనుటకని యెవ్వరును అనరు. దంతవైద్యమనగా మనవారి తలపునకు వచ్చునది పటకారే గాని అద్దము గాదు. ఆ చిన్న అద్దమును వైద్యుడు నోటిలో పెట్టి చూడవలసిన దినము ఈ ప్రయాణమునకు అయిదారేండ్ల ముందే గడిచిపోయినదని ఆతనికి తెలిపినవారును లేరు.

ఈ సమీక్షకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములను ఏరుకొనుటకు కారణము కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల కొత్త జిల్లాకు ముఖ్యపట్టణమై, రేపల్లె దానిలో చేరి, తెనాలి మాత్రము గుంటూరు జిల్లాలోనే నిలిచిపోయినను, కృష్ణ కాలువల నీరును, రైలుదారులును, ఒకే తీరు తిండియు ఈ మూడూళ్ళను విడిపోనీయలేదు. మూడు కాలువలు నడుమ పారు తెనాలి వర్తకపు పట్టణము. వ్యవసాయ కళాశాలకును సూర్యలంక తీరమునకును పేరుగొన్న బాపట్ల చుట్టును సగము మాగాణి, సగము ఇసుకనేల. రేపల్లెతో రైలుదారి ముగియును, దాని కావల నిజాంపట్నము రేవు వఱకును పొలములు, చేపల చెరువులు, మడ అడవులు. పట్టణపు పిల్లవానికి బిస్కత్తు, తీరమందలి వలకారికి చుట్ట, పొలము కూలికి ఖైనీ, ఇంటి ముసలమ్మకు ఆకువక్క. నోటిని చెఱచు వస్తువులు వేర్వేరుగా నున్నను అవి యన్నియు దొరకునది ఒక్క కిళ్ళీబడ్డీలోనే. ఈ వ్యాసమునందు ఆ బడ్డీని మరల తలపక తప్పదు.

రోగము ఎంత విరివిగా నున్నదో తెలిసికొనుటకు ఊహతో పనిలేదు. భారత దంతవైద్య మండలి 2002-03లో దేశమంతట జరిపించిన నోటి ఆరోగ్య సర్వేలో, 5 ఏండ్ల పిల్లలలో సుమారు 52 శాతమునకు, 12 ఏండ్లవారిలో 54 శాతమునకు, 15 ఏండ్లవారిలో 63 శాతమునకు పిప్పిపన్ను కలదని తేలినది. 35 మొదలు 44 ఏండ్ల వయసువారిలో చిగుళ్ళ జబ్బు దాదాపు 90 శాతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక నోటివ్యాధులతో జీవించువారి సంఖ్యను లోకమంతట 350 కోట్లుగా లెక్కించి, వారిలో నలుగురికి ముగ్గురు మధ్యాదాయ దేశములలోనే యున్నారని చెప్పినది. నూటికి తొంబదిమందికి కలిగిన జబ్బును జనులు జబ్బుగా నెంచరు. నెఱసిన తలవలె దానిని వయసు లక్షణముగా ఓర్చుకొందురు. చిగుళ్ళనుండి నెత్తురు వచ్చుచున్నదని యెవరైన అనినచో, బ్రష్షు మార్చుమని సలహా యిచ్చువారే గాని వైద్యునికి చూపుమనువారు మన యిండ్లలో ఎందఱు?

పన్ను పుచ్చుటకు పురుగు కారణమను నమ్మిక మనదేశమునకే పరిమితమైనది కాదు. బాబిలోను మొదలు ఐరోపా వఱకు అన్ని దేశములలోను అది వేళ్ళూనియుండెను. నేలవాకుడు గింజల పొగను గొట్టముతో నోటిలోనికి పట్టించి, క్రింద నుంచిన నీళ్ళ చిప్పలో పురుగులు రాలినవని చూపి, నాలుగు డబ్బులు పుచ్చుకొని పోవు సంచార వైద్యులను మా తరమువారు కన్నులార చూచినారు. పొగ వెచ్చదనమునకు నొప్పి కొంత సద్దణగెడిదేమో గాని పురుగు మాత్రము వట్టిది. ఫ్రాన్సు దేశపు ఫొషార్ 1728లో ప్రకటించిన దంతవైద్య గ్రంథమునందే, సూక్ష్మదర్శినితో వెదకినను తనకు పురుగు కానరాలేదని వ్రాసెను. బెర్లినులో పనిచేసిన మిల్లర్ 1890లో అసలు సంగతిని వివరించెను: పంటిమీద అంటుకొనియుండు పాచిలోని సూక్ష్మజీవులు మనము తిన్న చక్కెరను తిని ఆమ్లమును విడుచును, ఆ యామ్లము పంటిపై నున్న గట్టి పింగాణిపొరలోని సున్నపుసారమును కరగించును. కరగినది మరల గట్టిపడుటకు ఉమ్మినీరు సాయపడును. కరగుటకును గట్టిపడుటకును నడుమ నోటిలో అహోరాత్రములు జరుగు ఈ పెనుగులాటలో కరగుటదే పైచేయి యైననాడు పంటిలో గుంట పడును.

ఇందు సామాన్యులు గ్రహింపని సూక్ష్మ మొకటి కలదు. చక్కెర ఎంత తింటిమన్నదానికంటె ఎన్నిమారులు తింటిమన్నది పంటికి ముఖ్యము. 1940 దశకమున అమెరికాలో స్టీఫన్ అను పరిశోధకుడు పాచిలోని ఆమ్లత్వమును కొలిచి చూపగా, తీపి తగిలిన కొద్ది నిమిషములలోనే ఆమ్లము అపాయస్థాయికి చేరి, తిరిగి మామూలు స్థితికి వచ్చుటకు సుమారు అరగంట పట్టునని తెలిసినది. తెనాలి బోసురోడ్డులో సాయంకాలము బెల్లపు జిలేబీ ఒక పొట్లము తిని, మంచినీళ్ళు త్రాగి యింటికి పోయిన పెద్దమనిషి పంటికి చేసికొన్న చెఱుపు ఒక అరగంటది. తెల్లవారుజాము మొదలు రాత్రి బండ్లు సర్దుకొను వఱకు అరచెంచా చక్కెర వేసిన టీ గ్లాసులు ఏడెనిమిది గుటకలు గుటకలుగా త్రాగు హమాలీ, తన కెన్నడును తీపి మీద మక్కువ లేదని నిజాయితీగానే చెప్పును గాని, వాని పండ్లు దినమున నాలుగు గంటలసేపు ఆమ్లములో నానుచున్నవి. నన్నడిగినచో, జిలేబీని వదలుకొమ్మని ఎవరికిని చెప్పను. భోజనముతోపాటు తినుమందును. తెనాలివానిచేత జిలేబీ మాన్పించుట ఎట్లును సాధ్యము కాదు.

తీపి అంటుకొనుస్వభావము కూడ గమనింపదగినదే. స్వీడను దేశమున విపేహోల్మ్ అను మానసిక చికిత్సాలయములో, రెండవ ప్రపంచయుద్ధము ముగియు దినములలో మొదలుపెట్టి కొన్నేండ్లపాటు, నోరులేని రోగులకు పంటికంటుకొను టాఫీలను భోజనముల నడుమ తినిపించి పండ్లు ఎట్లు పాడగునో చూచిరి. ఆ పరిశోధన సత్యమును చెప్పినది. చెప్పిన తీరు మాత్రము ఆ దేశమునకు మచ్చగా నిలిచిపోయినది. అంతటి మూల్యమునకు దొరకిన జ్ఞానమును మనము ఉపయోగించుకొనుచున్నామా? 2020 నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్నభోజనముతోపాటు పల్లీ చిక్కీ పెట్టుచు వచ్చిరి. రక్తహీనత హెచ్చుగా నున్న మన ఆడపిల్లలకు వేరుసెనగయు బెల్లమును మేలైన ఆహారమే. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. కాని చిక్కీ అంటుకొను పదార్థము. అన్నముతో కలిపి తినినచో సరి. చాలమంది పిల్లలు దానిని జేబులో వేసికొని, మధ్యాహ్నపు పాఠములు జరుగుచుండగా బుగ్గన పెట్టుకొని, బడి విడుచు వఱకు చప్పరింతురు. భోజనపు వరుసలోనే తినిపించి, ఒక్క గ్లాసెడు నీటితో పుక్కిలింపజేసినచో పోషణమునకు పోషణము, పంటికి రక్షణయు దక్కును. ఇందుకు కావలసినది ఒక ఉత్తరువు గాదు, పనిచేయు కొళాయి.

ఈ సందర్భమున నేను ప్రత్యక్షముగా చూచిన ఒక సంగతిని చెప్పవలెను. రేపల్లెకును నిజాంపట్నమునకును నడుమ నున్న ఒక గ్రామములో, ప్రాథమిక పాఠశాల వరండామీద దంతపరీక్ష జరుగుచుండెను. ప్లాస్టికు కుర్చీలో పిల్లను వెల్లకిల చూచునట్లు కూర్చుండబెట్టి, ఎండ నోటిలోనికి పడునట్లు కుర్చీ త్రిప్పి, డాక్టరమ్మ చిన్న అద్దముతో చూచి చెప్పుచుండగా ప్రక్కనున్న విద్యార్థిని పుస్తకములో గుర్తులు వేయుచుండెను. ఏడేండ్ల పిల్ల యొకతెకు క్రింది దవడలో చిట్టచివరి పన్ను నడుమ నల్లని గీత, ఆ గీత నడుమ సూదిమొన దిగునంత గుంట. తల్లి వరండా మెట్టుమీద నిలుచుండి నవ్వుచు, "పాలపన్నేగా అమ్మా, ఊడిపోయి మళ్ళీ వచ్చుద్దిగా" అనెను. "ఇది పాలపన్ను కాదమ్మా. ఊడేదీ కాదు, మళ్ళీ వచ్చేదీ కాదు. చచ్చేదాకా అన్నం నమలాల్సింది దీంతోనే" అని డాక్టరమ్మ ఆ పన్నును అద్దములో తల్లికి చూపినది. తల్లి నవ్వు ఆగిపోయినది. "మరి ఏ పన్నూ ఊడకుండా కొత్తది ఎట్టా వచ్చిందీ?" అని యడిగినది.

ఆమె అడిగినది సరియైన ప్రశ్న. ఆరేండ్ల ప్రాయమున మొలచు మొదటి దవడపన్ను ఏ పాలపన్నును త్రోసికొని రాదు. ఉన్న పండ్ల కన్నింటికి వెనుక, ఖాళీ చిగురును చీల్చుకొని, నొప్పి నలత లేక, ఎవరికిని తెలియకుండ వచ్చి కూర్చుండును. ముందరి పన్ను ఊడినచో ఇంటిమీద వేయుటయు, గడ్డిలో చుట్టి పాతుటయు వంటి వేడుకలు మన కున్నవి గాని ఈ పన్ను రాకకు వేడుక లేదు. మొలచిన తొలి రెండు మూడేండ్లు దాని పింగాణి పూర్తిగా గట్టిపడదు. పైభాగమున లోతైన సందులుండును. బ్రష్షు అంత వెనుకకు పోదు. నోటిలో నన్నింటికంటె ఎక్కువ పని చేయవలసిన పన్ను నన్నింటికంటె ముందు పుచ్చుట కివియే కారణములు. ఆ సందులలో పూత పూసి మూయుట పది నిమిషముల పని, నొప్పి లేనిది. పుచ్చు మొదలైనచోట వెండి, ఫ్లోరైడు కలిసిన ద్రవమును చుక్క అద్దినచో ఆ చోటు నల్లబడి పుచ్చు ముందునకు సాగకుండ చాలవఱకు ఆగును. ఈ ద్రవమును, ఫ్లోరైడు గల టూత్‌పేస్టును, గాజుపొడి కలిసిన సిమెంటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. యంత్రమక్కరలేదు, విద్యుత్తక్కరలేదు, పాఠశాల వరండా చాలును. ఆరేండ్లు నిండిన ప్రతి పిల్లను ఏడేండ్లు నిండులోపల ఒక్కమారు చూచు ఏర్పాటు ఈ మూడు ప్రాంతములలోను జరిగినచో, తక్కిన పనులన్నియు ఆలస్యమైనను నాకు చింత లేదు.

ఇక మన పూర్వాచారముల ప్రసక్తి. దంతధావనమును గూర్చి మన ప్రాచీనులు అలక్ష్యము చేసినవారు కారు. సుశ్రుతుడు పెదవులు మొదలు కంఠము వఱకు ఏడు స్థానములలో 65 ముఖరోగములను లెక్కించెను. చరకుడు వగరు, కారము, చేదు రుచులుగల పుల్ల కొనను నలిపి కుంచెవలె చేసి, దినమునకు రెండుమారులు, చిగుళ్ళకు గాయము కాకుండ పండ్లు తోముకొనుమని విధించెను. ఆయన పేర్కొన్న చెట్లలో కానుగ యొకటి. మన కాలువగట్లమీద కానుగ చెట్లకు కొదవ లేదు. వేప, తుమ్మ, ఉత్తరేణి, మర్రియూడ సరేసరి. పందుంపుల్ల నోట పెట్టుకొని కాలువగట్టున పడమటి చివర నుండి తూర్పు చివరకు నడచుచు, ఎదురైన వారితో మాటలాడుచు, పొలము చూచుకొనుచు మా పెద్దలు పండ్లు తోమిన సేపు పావుగంటకు తక్కువ యుండెడిది కాదు. ఇప్పటి మన బ్రష్షుకు దొరకు కాలము ఒక నిమిషమైన లేదు. పుల్లను మెచ్చుకొనువారు పుల్లలోని చేదును పొగడుదురు గాని, నాకు తోచినంతలో దాని మహిమ సగము ఆ పావుగంటదే. ఆచారములో ఒక లోపమును కూడ ఒప్పుకొనవలెను: చరకుడు చెప్పిన రెండు పూటలలో మనము ఉదయపు పూటను మాత్రమే నిలుపుకొని, పాచి నోట అన్నము ముట్టరాదను నియమమును బిగించి, రాత్రిపూటను గాలికి వదలివేసితిమి. ఉమ్మినీరు తగ్గిపోవు నిద్రలోనే పుచ్చు త్వరగా ప్రాకునని తెలిసిన ఈ కాలమున, వదలివేసిన ఆ పూటయే మనకు ముఖ్యమైనది.

పుల్లతోపాటు కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు కూడ వాడుకలో నుండెను. కొన్ని యిండ్లలో నేటికిని ఉన్నవి. పిడక కాల్చిన కచ్చిక తెల్లగా మెరయు పండ్లనిచ్చునని మా నాయనమ్మ నమ్మెడిది. ఆమె పండ్లు తెల్లగానే యుండెను. చిగుళ్ళ దగ్గర మాత్రము వేలి గోరు దిగునంత గాడి. గరుకుపొడి పంటిని శుభ్రము చేయుటతో ఆగక అరగదీయునని ఆ గాడిని చూచిన నాకు పుస్తకము అక్కరలేకయే బోధపడినది. ఇంతకంటె అపాయకరమైనవి పొగాకు కలిసిన పండ్లపొడులు. తోముకొను నెపముతో పొగాకు మత్తునకు అలవాటుపడిన స్త్రీలు దేశములో లక్షలు. ప్రభుత్వము 1992లో వాని తయారీని, అమ్మకమును నిషేధించినది. దుకాణములో పేరు మారినంత మాత్రమున అలవాటు మారునని చెప్పలేము. ఫ్లోరైడు గల పేస్టు బఠాణిగింజంత చాలును, పిల్లలకు అంతకంటె తక్కువ. కుంచె పొడవున పామవలెనని ప్రకటనలలో చూపునది అమ్మకము కొఱకు.

ఫ్లోరైడనగానే మన రాష్ట్రమువారికి భయము కలుగుట సహజమే. ఆ భయమునకు పుట్టినిల్లు బాపట్లకు దూరమేమియు కాదు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతములలో నీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు గారబట్టుటయు, ఎముకలు బిగిసికొని పోవుటయు మన దేశమున మొట్టమొదట ప్రకటించిరి. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి పర్యాయపదమైనది. పటికయు సున్నమును కలిపి నీటినుండి ఫ్లోరైడును పేరుకొనజేసి తీయు పద్ధతికి నల్లగొండ పద్ధతియనియే పేరు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అమెరికాలో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరము 1945లో త్రాగునీటికి ఫ్లోరైడును కలుపుకొని పిప్పిపండ్లను తగ్గించుకొనగా, అదే ద్రవ్యమును నీటినుండి తీసివేయుటకు మనము పాటుపడుచున్నాము. చాలని చోట ఔషధము, మిక్కిలియైన చోట విషము. తెనాలి, రేపల్లెల కాలువ నీటితో ఈ బాధ లేదు. కాని ప్రకాశము నుండి మార్టూరు వైపు మెట్టప్రాంతములు వచ్చి చేరిన నేటి బాపట్ల జిల్లాలో బోరునీటిని పరీక్షింపక ఒకే సలహాను జిల్లాకంతకు చెప్పుట పొరపాటగును. ఏ యూరి నీరు ఎట్టిదో తెలిసికొని, దానిని బట్టి పేస్టును గూర్చి చెప్పవలసియుండును.

పండ్లను దాటి నోటి లోపలి తోలుకు వచ్చినచో పొగాకు, వక్క ప్రసక్తి తప్పదు. పొగాకు బోర్డు 1976లో గుంటూరులో వెలసినది. ఈ జిల్లాల సిరికి పొగాకు చేసిన మేలు అందఱెఱిగినదే. పండించినది ఎగుమతి యగునను సమాధానము మన నోళ్ళను కాపాడదు. 2016-17 సర్వేలో దేశమున వయోజనులలో 28.6 శాతము పొగాకును ఏదో యొక రూపమున వాడుచున్నట్లు తేలగా, ఆంధ్రప్రదేశమున ఆ లెక్క ఐదింట ఒక్కటి. నిజాంపట్నము, సూర్యలంకల వైపు వలలాగు ముసలివారికి చుట్ట తోడునీడ. ఉత్తరాంధ్ర తీరమున స్త్రీలు నిప్పును నోటిలో పెట్టుకొని కాల్చు అడ్డపొగ మరింత ఘోరమైనది. దానివలన అంగిట పుట్టు క్యాన్సరును గూర్చి మన వైద్యులు 1957లోనే వ్రాసిరి. తీరాంధ్రపు గాలికి వలతడి చేతులకు చుట్ట ఆరిపోకుండ నిప్పును లోపలికి త్రిప్పిరని కొందఱు చెప్పు కారణము నాకు పూర్తిగా నచ్చదు. అడ్డపొగ త్రాగిన అమ్మలలో అనేకులు వల ముట్టినవారు కారు.

వక్క సంగతి వేరు. పొగాకును తిట్టువారు కూడ వక్కను శుభకార్యపు వస్తువుగా చూతురు. తాంబూలము ఇచ్చి పుచ్చుకొనని పెండ్లి లేదు, పేరంటము లేదు. బాపట్ల ప్రాంతపు తమలపాకుతోటలు ఆ మర్యాదకు పచ్చని సాక్ష్యములు. తమలపాకును గూర్చి చెప్పవలసిన చెడుగు నాకు కనబడదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించిన నిర్ణయము పొగాకు లేని వట్టి వక్కనే మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి శ్రేణిలో చేర్చినది. వక్క ముక్కను గంటల తరబడి బుగ్గన నుంచుకొనువారి బుగ్గతోలు కాలక్రమమున తెల్లబడి, త్రాళ్ళవలె గట్టిపడి, నోరు తెరచుట తగ్గిపోవును. మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టవలసిన నోట ఒక వ్రేలైన పట్టదు; కారము సోకినచో మంట. ఆసుపత్రులలో ఇట్టి నోళ్ళతో వచ్చువారు ముసలివారు కారు, పాన్‌మసాలా పొట్లము చింపి నోట వంపుకొనుట కళాశాలలో నేర్చిన యిరువదియేండ్ల కుఱ్ఱలు. పాలు విరిగినట్లు విరిగిన ఆ తోలును మరల మెత్తన చేయు మందు లేదు. పొగాకు, నికోటినులను ఆహారమునందు కలుపరాదని 2011లో వచ్చిన నియమము ననుసరించి రాష్ట్రములు గుట్కాను నిషేధించినవి. బడ్డీలలో వక్కపొడి ఒక పొట్లము, పొగాకు మరియొక పొట్లముగా వేలాడుచుండ, కొన్నవాడు రెంటిని అరచేతిలో కలుపుకొనుచున్నాడు.

నిషేధములకంటె మాటకు బలము హెచ్చని చూపిన ఉదాహరణము మన రాష్ట్రమునందే యున్నది. టాటా పరిశోధనా సంస్థకు చెందిన దంతపరిశోధనా విభాగము 1960 దశకమున గ్రామములలో ఇల్లిల్లు తిరిగి నోళ్ళు పరీక్షించి, తరువాత 1977 మొదలు శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు సుమారు 36,000 మందితో మాటలాడుటను పనిగా పెట్టుకొనెను. వైద్యుడు ప్రతి సంవత్సరము అదే యింటికి వచ్చి, నోరు చూచి, లోపలి మచ్చను అద్దములో చూపి, మానుమని చెప్పి పోయెడివాడు. దానికి తోడు సినిమాలు, గోడపత్రికలు, రేడియో. అయిదేండ్ల పిమ్మట చూడగా మానినవారు, తగ్గించినవారు హెచ్చిరి. క్యాన్సరునకు ముందు వచ్చు తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుట తగ్గెను. ఇందు నాకు ముఖ్యముగా తోచునది ఉపన్యాసము కాదు. అదే మనిషి మరుసటి యేడు మరల వచ్చుట.

చిగుళ్ళను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. పాచి గట్టిపడి గారయైన పిదప ఏ బ్రష్షునకును రాదు, వైద్యుడు గీకవలసినదే. గీకించినచో పండ్లు వదులగునను అపోహ మనలో బలముగా నున్నది. వదులైన పంటిని నిలిపి ఉంచినట్లు కనబడిన గార తొలగగానే పూర్వమే జరిగిన నష్టము బయటపడును, అంతే. మధుమేహము గలవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురును, చిగుళ్ళ జబ్బు ముదిరినవారికి చక్కెర అదుపునకు రాదు. వరియన్నము పుష్కలముగా తిని, మధుమేహపు బిళ్ళలు ఇంటింట మ్రింగుచున్న ఈ డెల్టాలో, చక్కెర పరీక్షకు వచ్చిన మనిషిచేత ఒక్కమారు నోరు తెరిపించి చూచు అలవాటు ఆరోగ్యకేంద్రములకు ఇంకను అలవడలేదు.

వైద్యులు లేరని మనము అనుటకు వీలులేదు. దేశములో దంతకళాశాలలు మూడువందలకు పైచిలుకు. తక్కెళ్ళపాడులో, విజయవాడలో మన చేరువనే కలవు. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము 2014-15లో మొదలైనది. 2013లో ప్రారంభమైన బాలస్వాస్థ్య కార్యక్రమము అంగన్‌వాడీ, పాఠశాల పిల్లల పరీక్షలో పండ్లను కూడ చేర్చినది. కాగితముమీద లోపము వెదకుట కష్టము. లోపమంతయు మన దంతశిబిరములలో నున్నది. షామియానా, పూలదండ, ప్రారంభోపన్యాసము, నాలుగువందలమందికి పరీక్ష, ఉచితముగా ఒక పేస్టు గొట్టము, ఛాయాచిత్రము. సాయంకాలమునకు షామియానా విప్పివేయుదురు. ఒకమారు ఇట్టి శిబిరములో నాకు ఇచ్చిన చీటీలో మూడు పండ్లకు సిమెంటు పెట్టవలెనని వ్రాసియుండెను. ఎక్కడ, ఎవరు, ఎప్పుడు పెట్టుదురో వ్రాసిన చోటు ఖాళీ. శ్రీకాకుళపు పల్లెలకు ఏటేట తిరిగి వచ్చిన వైద్యునితో ఈ షామియానాను పోల్చిచూడుడు. నాలుగు వందల మందిని ఒక్కనాడు చూచుటకంటె నలుబది మందిని నాలుగేండ్లు చూచుట మేలని నా అభిప్రాయము. శిబిరపు లెక్కలు వ్రాయువారికి ఇది రుచింపదని యెఱుగుదును.

తల్లి నుండి బిడ్డకు పుచ్చు పుట్టించు సూక్ష్మజీవులు సంక్రమించునని తెలిసినందున, ఈ పని నిజమునకు గర్భిణీ స్త్రీతో మొదలు కావలెను. ఆశా కార్యకర్త ఎట్లును ఆ యింటికి పోవుచున్నది; బరువు, నెత్తురు అడిగి వ్రాసికొనుచున్నది. పాలపీకలో చక్కెర పాలు పోసి పిల్లను నిద్రపుచ్చరాదను నొక్క మాట, తొలిపన్ను మొలచిననాడే తడిగుడ్డతో తుడువవలెనను రెండవ మాట, ఆరేండ్ల పన్ను శాశ్వతమైనదను మూడవ మాట ఆమె నోట పడినచో దంతవైద్యుని పనిలో సగము ఆమెయే చేసినట్లు. మన నానుడులలోను, తల్లుల మాటలలోను చోటు చేసికొనని శాస్త్రము ఏ గోడపత్రిక ఎంత రంగులలో అచ్చువేసినను గోడమీదనే నిలుచును.

వరండామీది ఆ పరీక్ష జరిగిన మరుసటి యేడు అదే పాఠశాలకు మరల పోవుట తటస్థించినది. పల్లీ చిక్కీని అన్నపు పళ్ళెములలోనే పెట్టి, కొళాయి పాడైనందున రెండు బకెట్లు, నాలుగు మగ్గులు పెట్టి పిల్లలచేత పుక్కిలింపజేయుచుండిరి. నేలయంతయు తడిసి, ప్రధానోపాధ్యాయిని చీరకుచ్చిళ్ళు ఎత్తి నడచుచుండెను. పోయిన యేట నవ్విన ఆ తల్లి చిన్నపిల్ల చేయి పట్టుకొని మెట్టుమీద నిలుచుండి యుండెను. పిల్లకు నొప్పి లేదు, వాపు లేదు. "దీనికీ ఆరేళ్ళు నిండినయ్ డాక్టరమ్మా. ఎనక పన్ను వచ్చిందేమో ఓసారి చూడండి" అనెను.